మెట్ల మీద లడాయి

మా అమ్మకు మాట పడిపోయింది. పక్షవాతం కుడి చేతిని కాస్త లాగి వదిలేసింది, కాలిని చాలావరకు దయతలిచింది, నోటిని మాత్రం పట్టుకుని కూర్చుంది. ఆస్పత్రి నుంచి ఇంటికి తీసుకొచ్చేసరికి ఆమె దగ్గర మిగిలింది ఒక్కటే మాట: "అదీ". మంచినీళ్లు కావాలన్నా అదీ, ఫ్యాన్ తగ్గించమన్నా అదీ, నాన్నగారి మీద కోపం వచ్చినా అదీ. మనం చెప్పేదంతా ఆమెకు అర్థమవుతుంది. చెప్పాలనుకున్నది లోపల ఉందని కళ్లలో తెలుస్తుంది. నోరు విప్పితే నాంపల్లి స్టేషన్ దాకా వినపడే మనిషి అలా ఒక్క మాట దగ్గర ఆగిపోతుంటే నేను చూడలేకపోయేదాన్ని. వంటింట్లోకి పోయి కుళాయి తిప్పుకుని ఏడ్చేదాన్ని.

మాది స్టేషన్ వెనక సందులో పాత బిల్డింగు. యాభై ఆరులో రాష్ట్రం ఏర్పడ్డప్పుడు కృష్ణా జిల్లా నుంచి గుమాస్తా ఉద్యోగం మీద వచ్చిన మా తాత మొదటి అంతస్తులో వాటా అద్దెకు తీసుకున్నాడు. తరవాత నాన్నగారు దాన్నే కొనుక్కున్నారు. ఇన్నేళ్లు ఇక్కడే ఉన్నా మా ఇంట్లో ఒక కట్టుబాటు: వీధి భాష వీధిలోనే ఉండాలి. చిన్నప్పుడు నేను బయట ఆడుకుని "ఏంది" అంటూ లోపలికి వస్తే నాన్నగారు పేపరు కిందికి దించి "ఏమిటి" అని సరిదిద్ది, మళ్లీ పేపరు పైకెత్తేవారు. తిట్టడం, కొట్టడం ఏమీ లేదు. ఆ పేపరు దిగడమే చాలు. ఆ పెంపకంలో పెరిగిన నేను పోయి పోయి తెలుగు టీచర్నే అయ్యాను. అబిడ్స్‌లో ఒక ఇంగ్లీషు మీడియం బడిలో, తెలుగు పీరియడ్ అనగానే నీళ్లసీసా నింపుకోవడం గుర్తొచ్చే పిల్లలకు పాఠం చెబుతుంటాను. పెళ్లి చేసుకోలేదు. ఎందుకని ఎవరైనా అడిగితే వాళ్ల ఇంటి సంగతులు నేనూ అడుగుతాను కాబట్టి ఇప్పుడెవరూ అడగరు.

లక్డీకాపూల్ వైపు ఒక ఆస్పత్రిలో మాటలు నేర్పే అమ్మాయి ఒకతె ఉంది. నల్గొండ దగ్గరి పల్లె నుంచి వచ్చి చదువుకున్న పిల్ల. మొదటి రోజే నాతో ఉన్నదున్నట్టు చెప్పింది.

"మేడం, జల్ది జెయ్యాలె. మొదటి నెలలల్ల ఎంత మాట్లాడిపిస్తే గంత మంచిది. లేటైతే అమ్మ గట్లనే ఉండిపోవచ్చు."

ఆ రాత్రే కార్డులు తయారు చేశాను. కుర్చీ, గడియారం, గొడుగు, దువ్వెన. ఒక పక్క బొమ్మ, ఇంకో పక్క గుండ్రటి అక్షరాలు. నా చేతిరాత బాగుంటుంది, అందులో మొహమాటం ఏమీ లేదు. నాన్నగారు తన వంతుగా పొద్దున్నే విష్ణు సహస్రనామం మొదలుపెట్టారు. ఎన్నో ఏళ్లుగా అమ్మ చదివినదే కదా, ఎక్కడో ఒకచోట గొంతు కలుపుతుందని ఆయన ఆశ. అమ్మ కళ్లు మూసుకుని వినేది. ఆయన ఆపగానే కళ్లు తెరిచేది.

నా కార్డులకైతే ఆ మర్యాద కూడా దక్కలేదు. నేను గొడుగు చూపించి "గొ... గొ..." అంటూ అందిస్తుంటే అమ్మ దాన్ని ఎడమ చేత్తో తోసేసేది. నేను ఊరుకుంటానా? మళ్లీ పెట్టేదాన్ని. ఆమె మళ్లీ తోసేది. బడిలో నేను పద్యం అప్పజెప్పమన్నప్పుడు పిల్లల ముఖాలు ఎలా ఉంటాయో అమ్మ ముఖం అలాగే ఉండేది.

ఒకరోజు మాటలు నేర్పే అమ్మాయి కార్డులన్నీ చూసి, బాగున్నాయని మెచ్చుకుని, పక్కన పెట్టేసింది.

"మీ అమ్మ దినాం ఎవరితోని మాట్లాడతది మేడం?"

"మాతోనే" అన్నాను.

"మీరు బడికి పోతరు. సార్ పేపర్ సదువుకుంటడు. దినమంత ఎవరితోని మాట్లాడతది? గా మనిషిని పట్టుకోండ్రి."

నాకు చిర్రెత్తుకొచ్చింది. మా అమ్మ మాతో కాక ఇంకెవరితో మాట్లాడుతుంది? ఆటోలో ఇంటికొస్తూ దారి పొడుగునా ఆ పిల్లను మనసులోనే కడిగేశాను.

నిజం చెప్పాలంటే మా అమ్మ ఎవరితో మాట్లాడుతుందో బిల్డింగంతటికీ తెలుసు. రోజు విడిచి రోజు తెల్లవారుజామున మున్సిపాలిటీ నీళ్లొస్తాయి. మా కింది వాటాలో ఉండే ఆవిడను మేమందరం ఆపా అంటాం. ఆమెకొక మోటరు, మాకొక మోటరు, రెండూ తగిలించి ఉన్నది ఒకే పైపుకి. ఎవరు ముందు స్విచ్ వేస్తే నీళ్లు వాళ్లవి. అమ్మ మెట్ల పైన, ఆపా మెట్ల కింద. నాకు ఊహ తెలిసినప్పటి నుంచీ నీళ్లొచ్చిన రోజల్లా లడాయే. ఆ లడాయి భాషను ఉర్దూ అంటే ఉర్దూవాళ్లు ఒప్పుకోరు, తెలుగంటే మా నాన్నగారు ఒప్పుకోరు. ఇద్దరూ సగం సగం తెచ్చి మెట్ల మధ్యలో కలిపి తయారు చేసుకున్నది. ఆమె అమ్మను "అక్కా" అంటుంది, అమ్మ ఆమెను "ఆపా" అంటుంది. రెంటికీ అర్థం అక్కయ్య అనే. పెద్దదాన్నని ఒప్పుకోవడం ఇద్దరికీ ఇష్టం లేదు.

మోటరు దగ్గర మొదలైన గొడవ అక్కడే ఉండేది కాదు. పోయిన ఎండాకాలం కనపడకుండా పోయిన బకెట్టు, బేగం బజార్లో చింతపండు ధర, ఆపా కోడలి బద్ధకం, అమ్మ బీపీ మాత్రలు, అన్నీ తిరిగి తిరిగి చివరికి "చాయ్ తాగినవా అక్కా?" దగ్గర తేలేది. అప్పటికి రెండు డ్రమ్ములూ నిండేవి. నాన్నగారు మాత్రం తలుపు దగ్గరగా వేసేవారు. నేనూ దాన్ని మాట్లాడుకోవడం కింద ఎప్పుడూ జమ కట్టలేదు. గొడవ కింద కట్టాను.

అమ్మకు జబ్బు చేశాక ఆ గొడవ ఆగిపోయింది. ఆపా వచ్చి అమ్మ చెయ్యి పట్టుకుని చాలాసేపు కూర్చుంది. నీళ్లొచ్చిన రోజు మా డ్రమ్ము నిండేదాకా తన మోటరు వేసేది కాదు. "ఎంత మర్యాద!" అని నాన్నగారు ఆశ్చర్యపోయారు. మేం కూడా అంతే. అమ్మతో అందరం గొంతు తగ్గించి, పరాయింటికి చుట్టపుచూపుగా వెళ్లినట్టు మాట్లాడేవాళ్లం. ఇంట్లో ఎవరికీ కోపం రావడం లేదు. నాకు కూడా రావడం లేదంటే పరిస్థితి ఎలా ఉందో చూడండి.

వారాలు గడుస్తున్నాయి. అమ్మ "అదీ" దగ్గరే ఉంది. ఆ అమ్మాయి చెప్పిన మొదటి నెలలు కరిగిపోతున్నాయి.

అలాంటి ఒక నీళ్ల రోజు, నేను మోటరు వేసి కాఫీ కలుపుతుంటే కింద ఆపా మోటరు కూడా మోగింది, దాని వెంటే కేక వినపడింది.

"ఏంది అక్కా! పానీ అంత మీరే గుంజుకుంటరా? మేమెక్కడ పోవాలె?"

చేతిలో చెంచాతోనే బయటికి పరిగెత్తాను. మెట్ల మీద నిలబడి ఒళ్లు తెలియకుండా అరిచాను. "ఏమిటిది ఆపా? మంచాన పడ్డ మనిషి మీద అరవడానికి నోరెలా వచ్చింది మీకు? ఇన్నేళ్ల స్నేహం ఇదేనా?"

ఆమె నన్ను చూడను కూడా లేదు. నా వెనక్కి చూస్తూ ఇంకా గొంతు పెంచింది.

"నీకు కాదు బేటా, మీ అమ్మకు చెప్తున్న. ఏం అక్కా? జవాబ్ లేదా? డర్ గయే? భయమైందా?"

వెనక్కి తిరిగి చూశాను. అమ్మ మంచం దిగి, గోడ పట్టుకుని గుమ్మం దాకా వచ్చేసింది. ముఖమంతా ఎర్రబడింది. పెదవులు ఒక పక్కకు లాగుతున్నాయి. "అదీ... అదీ..." అంది. నేను పట్టుకోబోతే తోసేసింది.

"తుమ్... తుమ్ బంద్ కరో! పహలే తుమ్ బంద్ కరో!" ముందు నువ్వే మోటరు ఆపమంటోంది.

"నై కర్తీ!" ఆపనంటే ఆపనని ఆపా కింది నుంచి అరిచింది గానీ, ఆ అరుపు సగంలోనే ఏడుపయిపోయింది. ఎందుకాపవని అమ్మ వదల్లేదు. "కైకు నై?" అంది. ఆపా మెట్ల మీద కూలబడి, చున్నీతో ముఖం తుడుచుకుంటూనే "మేరీ మర్జీ!" అని, తన ఇష్టమంటూ బదులిచ్చింది. నాన్నగారు సగం గీసిన గడ్డంతో బయటికి వచ్చారు. ఆయన అసహ్యించుకునే ఆ మెట్ల భాష మా గుమ్మంలోంచే వినపడింది. ఆయన ఎవరినీ సరిదిద్దలేదు. "మళ్లీ అనమనవే, మళ్లీ ఒక్కసారి అనమను" అని నా భుజం పట్టుకుని ఊపేశారు. అంత సంతోషం నేను ఎరగను. పరీక్షలు పాసయినప్పుడు లేదు, ఉద్యోగం వచ్చినప్పుడు లేదు.

తరవాత కిందికి వెళ్లి నేనన్న మాటలకు ఏమీ అనుకోవద్దన్నాను. ఆపా కసిరింది.

"మీరంత ఆమెతోని దవాఖానల నర్సుల లెక్క మాట్లాడుతున్రు. జర గుస్సా రావాలె గదా బేటా! నమాజ్‌ల దువా చేసి చేసి, ఇగ లడాయి చేద్దామని వచ్చిన."

సంగతి విని లక్డీకాపూల్ అమ్మాయి ఎగిరి గంతేసినంత పని చేసింది. "నేనడిగింది గిదే మేడం! కోపంల వచ్చే మాటలు, అలవాటైన మాటలు వేరే తొవ్వల వస్తయ్. గా తొవ్వ దొరికింది. ఇగ ఫికర్ లేదు, ఒక్కొక్క మాటను గా తొవ్వలకు తోలాలె" అంది. ఇంటి దగ్గర చేయించాల్సిన సాధన ఏమిటని అడిగితే, "లడాయి" అంది.

నీళ్లున్నా లేకపోయినా ఆపా ప్రతి పొద్దున మెట్ల దగ్గరికి వచ్చేది. మొదలయ్యేది మోటరుతోనే, తేలేది ఒకరోజు బకెట్టు దగ్గర, ఒకరోజు చింతపండు దగ్గర. ఒక్కో గొడవకు ఒకటో రెండో మాటలు వచ్చి చేరేవి. అన్నీ ఆ సగం సగం భాషలోవే. మాతో మాట్లాడే తెలుగు మాత్రం ఇంకా రాలేదు. నాన్నగారు పైకి ఏమీ అనకపోయినా, అమ్మ "ఏవండీ" అని పిలవడం కోసం ఆయన ఎదురుచూస్తున్నారని నాకు తెలుసు.

బడిలో నేను కూడా పాఠం పద్ధతి కొంచెం మార్చాను. తెలుగు పీరియడ్‌లో కాసేపు పోట్లాట పెట్టాను. నుమాయిష్‌లో జెయింట్ వీల్ ముందు ఎక్కాలా, మిర్చీ బజ్జీలు ముందు తినాలా అన్నది మొదటి గొడవ. పాఠం చదవమంటే గొంతు పెగలని పిల్లలు బెంచీలెక్కి అరిచారు. పక్క క్లాసు లెక్కల టీచరు వచ్చి "ఏమైంది మేడం?" అని అడిగితే, "తెలుగు జరుగుతోంది" అన్నాను.

అంతలో బిల్డింగులో కొత్త కబురు. పై అంతస్తు కొత్తగా కొనుక్కున్న సాఫ్ట్‌వేర్ కుర్రాడు మంచివాడు, నలుగురి మంచీ కోరేవాడు. అందరికీ కలిపి ఒక పెద్ద సంపు, ఒకే మోటరు, దానంతటదే ఆగిపోయే స్విచ్ పెడదామన్నాడు. నీళ్లు అందరికీ సమానంగా వస్తాయి, పొద్దున్నే ఈ అరుపులు ఉండవు. కాదనడానికి ఏముంది? ఆదివారం సాయంత్రం మెట్ల కింద ప్లాస్టిక్ కుర్చీలు వేసి మీటింగు పెట్టారు.

నాకు మాత్రం ఒకటే ఆలోచన. మోటర్లు ఒకటైపోతే అమ్మ దేనికోసం పోట్లాడుతుంది? ఉత్తుత్తి గొడవకు ఆమెకు కోపం రాదు. తెచ్చిపెట్టుకున్న గొడవలు నాన్నగారూ నేనూ పెట్టి చూశాం, ఆమె నవ్వేసి ఊరుకునేది. మీటింగులో నేను లేచి నిలబడ్డాను. ఎప్పుడూ మాట తడుముకోని దాన్ని, "అంటే... మన సంప్రదాయంలో..." అని ఏదో నసిగాను. అక్కడున్న వాళ్లు మర్యాదగా వింటున్నారు. నాకే నా మాట నచ్చలేదు.

అప్పుడు పక్క కుర్చీలోంచి అమ్మ నా కొంగు పట్టుకు లాగి కూర్చోబెట్టింది.

"వద్దు" అంది.

అందరూ అటు తిరిగారు. అమ్మ ఆపా వైపు వేలు చూపించింది. ఒక్కో మాటా ఎక్కడి నుంచో మోసుకొస్తున్నట్టు, మధ్యలో ఊపిరి తీసుకుంటూ అంది.

"ఆవిడ... అరవాలి. నేను... నేనూ అరవాలిగా."

అది మా ఇంటి తెలుగు. జబ్బు చేశాక అమ్మ నోటి వెంట మొదటిసారి వచ్చిన మా ఇంటి తెలుగు. నాకు కళ్లు కనపడలేదు.

ముందు తేరుకున్నది ఆపానే. "నేనేడ అరుస్తున్న? నువ్వే అరుస్తవ్ అక్కా!" అంది కుర్చీలోంచి.

అమ్మ జవాబు కోసం వెతుక్కుంది. మీటింగంతా ఆగింది, ఆ కుర్రాడు చేతిలో కాగితాలతో సహా. చివరికి దొరికింది.

"నీకు... చెవుడు" అంది. "అందుకే."

ఆపా నవ్విన నవ్వుకు సందులో వాళ్లు కూడా తొంగిచూశారు. సాఫ్ట్‌వేర్ కుర్రాడు నవ్వాపుకుంటూ, పై వాటాలకు మాత్రం సంపు కట్టి, కింది పైపూ రెండు మోటర్లూ ఆంటీలకే వదిలేద్దామని, ఇష్టమైనవాళ్లు చేతులెత్తమని అడిగాడు. అందరికంటే ముందు మా నాన్నగారు చెయ్యెత్తారు.