బాపు కొన్న కంప్యూటర్, అమ్మేసిన పుస్తకాలు

మా బాపు కరెంటు తయారయ్యే చోట పనిచేసేవాడు. అదే నా కొంప ముంచింది.

ప్లాంటు పక్కనున్న బాబుపేట్‌లో కరెంటు పోయినప్పుడల్లా అక్కడుండే మా మేనత్త మిక్సీ వేసుకోవడానికి ప్లాంటు కాలనీలోని మా క్వార్టర్‌కి వచ్చేది. మా కాలనీలో కరెంటు పోవడమన్నది నేనెరగను. కంప్యూటర్లు ఇళ్లలోకి అప్పుడప్పుడే వస్తున్న ఆ రోజుల్లో బాపు ఒకటి కొన్నాడు. నా పన్నెండో తరగతి పాఠాలన్నీ సీడీల్లో దొరుకుతాయని, ఒకసారి కొంటే నా తర్వాత తమ్ముడికి కూడా పుస్తకాల ఖర్చుండదని ఆయన ఆలోచన. కంప్యూటర్ బల్లకు చోటు చాల్లేదు. నన్నొక్క మాటైనా అడక్కుండా నా పుస్తకాల అలమర ఖాళీ చేసి, అన్నీ చిత్తు కాగితాల దుకాణంలో ఇచ్చేసి వచ్చాడు.

"అన్నీ గీ డబ్బాలనే ఉన్నయి బిడ్డా. ఇంకా ఆ దుమ్మెందుకు?" అన్నాడు.

తెల్లారితే కెమిస్ట్రీ పరీక్ష అనగా, మధ్యాహ్నం పూట తెర నల్లబడింది. ఫ్యాను ఆగింది. ప్లాంటులో కరెంటు తీసే యూనిట్లు ఆగిపోయాయని పక్కింటావిడ చెప్పింది. గంట గడిచింది, రెండు గంటలు గడిచాయి. మార్కులు తగ్గితే ఇంజనీరింగ్ సీటు రాదు, ఏడాదంతా గంగపాలు. సాయంత్రం బాపు మసి బట్టలతో గుమ్మంలో అడుగు పెట్టగానే అరిచాను.

"ఏది నీ కరెంటు? నా పుస్తకం నాకు తెచ్చియ్యి!"

ఆయన మంచినీళ్లు కూడా తాగలేదు. సైకిలెక్కి వెళ్లి, దీపాల వేళకు కెమిస్ట్రీ పుస్తకం తెచ్చి చేతిలో పెట్టాడు. అట్ట లేదు. మొదటి రెండు పాఠాలు అప్పటికే బజ్జీల బండి దగ్గర పొట్లాలైపోయాయట.

కొవ్వొత్తి ముందు కూర్చున్న కాసేపటికే కరెంటు వచ్చింది. బాపు తనే కంప్యూటర్ వేసి, కుర్చీ నా వైపు జరిపాడు.

"చినిగిన రెండు పాఠాలు ఇందుల ఉంటయి బిడ్డా. ఒక్కసారి సూడు."

"నాకొద్దు."

ఒళ్లు మండిపోతోంది నాకు. ఆయన కంప్యూటర్ ఆపేసి అవతలికి వెళ్లిపోయాడు.

మర్నాడు పేపర్లో మొదటి ప్రశ్నే ఆ పాఠాల్లోంచి వచ్చింది. కాగితం మీద ఖాళీ వదిలేశాను. బయటికొచ్చేసరికి గేటు దగ్గర బాపు సైకిలు పట్టుకుని నిలబడి ఉన్నాడు.

"ఎట్ల రాసినవ్ బిడ్డా? పుస్తకం అక్కరకొచ్చిందా?"

"వచ్చింది బాపూ," అన్నాను.

సైకిలు వెనక కూర్చున్నాను కాబట్టి, ఇల్లు చేరేదాకా ఆయనకు నా మొహం కనబడలేదు.