రంగు కింది ఇనుము

రాగితీగ చుట్టకు వార్నిష్ పూసి ఎండలో పెడితే ఒక ఘాటైన వాసన వస్తుంది. ఈ ఉదయం కొత్తచెరువులో, బస్సులు లేపే ఎర్రదుమ్ములో, షాపు ముందు ఒక పాత కారు హారన్ విప్పుకుని కూర్చున్నప్పుడు ఆ వాసన ముక్కుకు తగిలింది. రత్నమన్న గుర్తుకొచ్చాడు. ఆయన పోయి నాలుగేళ్ళయింది. ఆయన్ను తలచుకుంటే నాకు కన్నీళ్ళు రావు, మొండితనం వస్తుంది. ఆయన నాకు ఇచ్చిపోయింది కూడా అదే.

రత్నమన్న అసలు పేరు ఏసురత్నం, పాత కార్లకు కరెంటు పని చేసేవాడు. ఇంజను జోలికి పోయేవాడు కాదు. హారన్లు, వైపర్లు, లోపలి దీపాలు, ఎప్పుడో ఆగిపోయిన గడియారాలు, ఇవే ఆయన లోకం. పుట్టపర్తి దగ్గరే కాబట్టి ఎక్కడెక్కడి నుంచో బయలుదేరిన పాత బండ్లు దారిలో మొరాయించి ఆయన దగ్గరికి చేరేవి. బక్కపలచని మనిషి. జేబులో ఎప్పుడూ ఒక మడతకత్తి ఉండేది. ఆదివారం చర్చికి పోయినా అది జేబులోనే. ఒకసారి పాస్టరు అడిగితే, "మైకు ఆగిపోతే మీ మాట ఎవురికి ఇనపడుతుందయ్యా?" అన్నాడంట.

నేను ఆయన దగ్గరికి పోయేనాటికి నాకు ముప్పై ఏళ్ళు. అంతకుముందు బోరు మోటార్లు రిపేరు చేసే షాపులో తొమ్మిదేళ్ళు రాగితీగ చుట్టే వైండింగ్ పని చేశాను. వరుసగా వానలు లేక బోర్లన్నీ ఎండిపోయి, జనం మోటార్లు పీకి పాత ఇనుముకు అమ్ముకున్న ఏడాది ఆ షాపు మూతపడింది. బెంగుళూరులో బిల్డింగు పనికి పోదామన్నాడు నా భర్త. నేను రానన్నాను. చేతిలో పని ఉన్నదాన్ని ఇటుకలు ఎందుకు మోయాలి? ఆయన కొన్నాళ్ళు ఒక్కడే పోయి వచ్చాడు. ఆడదానికి ఇంత పొగరు పనికిరాదని మా అత్త వీధి వీధికీ చెప్పింది. పని అడుగుతూ బజారంతా తిరిగితే, ఆడమనిషి కారు కింద దూరుతుందా అని అందరూ నవ్వారు. రత్నమన్న నవ్వలేదు. కాలిపోయిన వైపర్ మోటారు ఒకటి నా ముందు పెట్టి, "ఇది చుట్టు, చూస్తా" అన్నాడు. చుట్టాను. అద్దాలు పెట్టుకుని అటూ ఇటూ తిప్పి చూసి, "రేపట్నుంచి రా" అన్నాడు.

ఆ షాపులో ఒక కట్టుబాటు ఉండేది. విప్పి, బ్యాటరీ దగ్గర్నుంచి చివరి దాకా టెస్ట్ బల్బు పెట్టి చూడకముందు ఎవ్వరూ 'పనికిరాదు' అనకూడదు. అంటే మళ్ళీ బ్యాటరీ దగ్గర మొదలుపెట్టాల్సిందే. బండి యజమాని అన్నా సరే, రత్నమన్న అతని చేతికి కూడా బల్బు ఇచ్చేవాడు. "కరెంటు పోయే దారి అందురూ చూస్తారు. తిరిగొచ్చే దారి ఎవురు చూస్తారు?" అని విసుక్కునేవాడు. కారులో కరెంటు తిరిగి రావలసింది కారు ఒంటి మీదుగానే. ఇనుముకు ఇనుము తగలకపోతే ఎంత మంచి తీగైనా దండగే. ఇది నాకు నోటికి వచ్చు. చేతికి వచ్చింది మాత్రం ఓబులేశప్ప కారు దగ్గర.

ఓబులేశప్ప మా పక్క ఊరి భూస్వామి, రాజకీయాల్లో పలుకుబడి ఉన్న మనిషి. వాళ్ళ నాయన వాడిన నల్లకారును కొడుకు పెళ్ళి ఊరేగింపుకు బయటికి తీశాడు. దానికి ఇండికేటర్లంటే మెరిసే దీపాలు కావు. తలుపుల పక్కనుంచి లేచే చిన్న చేతులు. ఎటు తిరగాలంటే అటువైపు చెయ్యి లేచి, దాని లోపల పసుపుపచ్చ దీపం వెలగాలి. రెండూ లేవడం లేదు. బెంగుళూరు మెకానిక్కులు పీకేయమన్నారంట. రత్నమన్న వాటిని పైకి లేపే తీగచుట్టలు, ఆ కాయిల్స్, విప్పి నా చేతికిచ్చాడు. అది ఓబులేశప్ప కంట్లో పడింది.

"ఏమప్పా రత్నం, మా నాయన బండి ఆడమనిషి చేతికిచ్చినావా? తిక్కగాని పట్టిందా నీకు?"

"తీగ చుట్టేది ఆయమ్మకొచ్చినంత నాకు రాదప్పా."

"బండి చెడితే ఈమె మళ్ళా ఈ బజారులో కనపడకూడదు. చెప్తాండా."

"చెడితే ఇద్దరమూ కనపడము. షాపు మూసేస్తా," అన్నాడు రత్నమన్న, తల ఎత్తకుండానే.

ఆ షాపు తప్ప ఆయనకు మరో ఆధారం లేదు. వెంట్రుకంత సన్నటి తీగ రెండు రోజులు ఊపిరి బిగబట్టి చుట్టాను. బల్ల మీద బిగించి కరెంటు ఇస్తే ఇండికేటర్ చేతులు టక్కున లేచాయి. మూడోరోజు పొద్దున టీకొట్టు జనమంతా చూస్తుండగా కారుకు బిగించి స్విచ్ వేశాను. చెయ్యి కొంచెం కదిలి, వణికి, పడిపోయింది. రెండోది కదలనే లేదు. ఎవరో కిసుక్కున నవ్వారు.

"పనికిరాదన్నా. నేనే చెడగొట్టినా," అన్నాను.

రత్నమన్న నా వైపు చూసిన చూపు ఇప్పటికీ మరిచిపోలేదు. నన్ను ఆయన కోపంగా చూసింది ఆ ఒక్కసారే. "ఏం మాటది? బ్యాటరీ కాణ్నుంచి మొదలుపెట్టు."

ఎండ మాడు పగలగొడుతుంటే, అందరి ముందూ, బల్బు పట్టుకుని మొదటి నుంచీ వెతికాను. కాయిల్ దాకా కరెంటు బ్రహ్మాండంగా వస్తోంది. బల్ల మీద లేచింది, కారులో ఎందుకు లేవదు? అప్పుడు చూశాను కొత్త రంగును. పాత బండి అనిపించకూడదని, ఇనుము ఎక్కడా కంటికి కనపడకూడదని ఓబులేశప్ప మరీ మరీ చెప్పి వేయించిన రంగు. మరలు బిగించే చోటా, ఆ కన్నాల లోపలా కూడా మందంగా పూసేశారు. తిరిగొచ్చే దారి మూసుకుపోయింది.

"అన్నా, కత్తి ఇయ్యి," అన్నాను. ఇచ్చాడు.

"యాడ పెడతాండావు కత్తి? మొన్న ఏయించిన రంగు అది," ఓబులేశప్ప అడ్డం వచ్చాడు.

నేను కత్తిని రత్నమన్నకు తిరిగి ఇవ్వబోయాను. ఆయన రెండు చేతులూ వెనక్కి కట్టుకున్నాడు. "కనిపెట్టింది నువ్వు. నువ్వే గీకు." తరువాత ఓబులేశప్పతో, "పక్కకు జరుగప్పా, ఆయమ్మకు ఎలుతురు కావాల," అన్నాడు.

భూమి, మందీ మార్బలం ఉన్న మనిషి జరిగాడు. నేను గీకాను. నల్లరంగు పొట్టులాగా రాలి, కింద తెల్లటి ఇనుము బయటపడింది. మర బిగించి స్విచ్ వేశాను. చెయ్యి టక్కున లేచి నిలబడింది, లోపల దీపంతో సహా. రెండోవైపూ గీకాను, అదీ లేచింది. ఓబులేశప్ప కారులో కూర్చుని ఆ స్విచ్ మళ్ళీ మళ్ళీ వేసి చూసుకున్నాడు. నాతో ఒక్క మంచి మాట అనలేదు. "గీకిన కాడ రంగెవురేస్తారు?" అని మాత్రం అడిగాడు. "నువ్వే ఏయించుకో," అన్నాడు రత్నమన్న. ఆ తరువాత బజారులో నన్ను చూసి నవ్విన వాళ్ళు లేరని చెప్పను. నవ్వితే తల దించుకోవడం మాత్రం నేను మానేశాను.

ఆ కత్తి ఇప్పుడు నా దగ్గరుంది. అరిగి సగమయింది. ఈ ఉదయం బాగుచేసిన హారన్ బల్ల మీద వీధి అదిరేలా మోగింది, కారుకు బిగిస్తే మూగబోయింది. కారు తెచ్చిన పెద్దమనిషి వచ్చీ రాగానే, "మెకానిక్ యాడమ్మా?" అని అడిగినవాడే. నేనే అని చెప్పినా గంట నుంచీ ఇంకెవరో వస్తారన్నట్టు రోడ్డు వైపే చూస్తున్నాడు.

"నేను ముందే చెప్పలేదా, అది పనికిరాదని," అన్నాడు.

కారుకు అద్దంలా మెరిసే నీలిరంగు. హారన్ బిగించే చోట కూడా చుక్కంత ఇనుము కనపడటం లేదు. నేను కత్తి మడత విప్పాను. ఆయన కారుకు అడ్డంగా వచ్చి నిలబడ్డాడు.

"అమ్మా, కొత్త రంగు."

"పక్కకు జరుగన్నా. నాకు ఎలుతురు కావాల," అన్నాను.