మామ చూసిన ఐదు రోజుల ఆట

మా ఇంట్లో క్రికెట్ గురించి గొడవ జరగని వారం ఉండేది కాదు. ఒకవైపు మా మామ, అంటే నా భార్య తండ్రి. మరోవైపు ఆయన కొడుకు, నా బామ్మర్ది. సూరత్‌లో, లింబాయత్ సందుల్లో ఒక రెండు గదుల ఇంట్లో అందరం కలిసే ఉండేవాళ్లం. మామ మీసాలు సరిగా రాని వయసులో కరీంనగర్ వైపు పల్లె నుంచి వచ్చి ఇక్కడ మరమగ్గాల పనికి కుదిరాడు. ఆ మగ్గాలను మేం సాంచాలంటాం. తర్వాత మమ్మల్ని ఒక్కొక్కరినీ రప్పించుకున్నాడు. ఆయనా, బామ్మర్దీ ఒకే కారఖానాలో పనిచేసేవారు. నాది వేరే కారఖానా.

బామ్మర్దికి ఇరవై ఓవర్ల ఆటే ఆట.

"పొద్దంత సాంచ ముంగట నిలవడి వచ్చినోనికి ఐదు రోజుల ఆట ఏం చూపిస్తవ్ బాపూ? అన్నం తినేలోపు ఎవడు గెల్చిండో తెలువాలె. గంతే" అనేవాడు.

"గదేం ఆటరా? బౌలర్‌ను దెబ్బలు తినేతందుకే నిలవెట్టినట్టుంటది" అనేవాడు మామ. "నాలుగు ఓవర్లేసి పక్కకు జరుగుమంటరు. బ్యాట్స్‌మన్ మనసుల ఏమున్నదో ఆనికెట్ల తెలుస్తది?"

నేను బామ్మర్ది పక్షమే. కారఖానా మోతలో పక్కవాడి మాట కూడా పెదవులు చూసి అర్థం చేసుకోవాల్సిందే. ఐపీఎల్ రోజుల్లో ఫోన్‌ను సాంచకు ఆనించి, చప్పుడు లేని ఆటను ఓరకంట చూసేవాళ్లం. సిక్సర్ తెలియడానికి చెవులు అక్కర్లేదు కదా. ఇంటికొచ్చాక తండ్రీకొడుకుల వాదన మళ్లీ మొదలయ్యేది. "మీ లొల్లికన్న సాంచాల మోతనే నయం" అని నా భార్య వంటింట్లోంచి విసుక్కునేది.

ఆ తర్వాత కరోనా వచ్చింది. సాంచాలు ఆగిపోయాయి. మా సందులో చాలా గదులు ఖాళీ అయ్యాయి. మేం మాత్రం ఉండిపోయాం. మొదటి రోజుల్లో ఆ నిశ్శబ్దానికి భయం వేసేది. ఎదురింటి కుక్కర్ ఈల, రేకుల మీద పావురాల నడక కూడా మా ఇంట్లోకి వినిపించేవి. ఎండాకాలం చివర్లో కారఖానాలు కొన్నాళ్లు తెరిచారు. కేసులు పెరిగేసరికి మళ్లీ మూసేశారు.

సరిగ్గా అప్పుడే టీవీలో ఒక టెస్టు మ్యాచ్ మొదలైంది. నెలల తరబడి ప్రపంచంలో ఎక్కడా ఆట లేక, మళ్లీ మొదలైన ఆట అది. ఆడేది మనవాళ్లు కాదు. స్టేడియంలో ఒక్క ప్రేక్షకుడూ లేడు.

"మనోళ్లు లేరు, జనం లేరు, సిక్సులు గూడ ఉండయి. గిదేం చూస్తరు?" అని బామ్మర్ది నవ్వి, గోడకు తిరిగి పడుకున్నాడు.

మామ కుర్చీని టీవీకి దగ్గరగా జరుపుకున్నాడు. సాంచాల మోతకు ఆయన చెవులు సగం పోయాయి. నేను చప్పుడు పెంచాను. ఒక పొడవాటి బౌలర్ పరుగు మొదలుపెట్టాడు. గడ్డి మీద అతని బూట్ల చప్పుడు మా గదిలోకి వచ్చింది. బంతి విసిరేటప్పుడు అతని గొంతులోంచి వచ్చిన మూలుగు వచ్చింది. బంతి కీపర్ గ్లవ్స్‌లో పడ్డ చప్పుడు ఖాళీ కుర్చీలకు తగిలి వెనక్కి కూడా వచ్చింది. ఇన్నేళ్లుగా క్రికెట్ చూస్తున్నాను. క్రికెట్‌ను వినడం మాత్రం అదే మొదటిసారి.

"వినవడ్తుంది" అన్నాడు మామ, టీవీ మీద నుంచి చూపు తిప్పకుండా. "నాక్కూడ వినవడ్తుంది."

పడుకున్న బామ్మర్ది ఎప్పుడు లేచి కూర్చున్నాడో నేను చూడలేదు. ఆ బౌలర్ ఓవర్ తర్వాత ఓవర్ ఒకేచోట బంతి వేస్తున్నాడు. బ్యాట్స్‌మన్ వదిలేస్తున్నాడు, వదిలేస్తున్నాడు. పరుగుల్లేవు. వేరే రోజైతే బామ్మర్ది ఛానల్ మార్చేవాడు. ఒక బంతి అదేచోట పడి లోపలికి తిరిగింది. కొయ్య విరిగినట్టు స్టంప్ చప్పుడైంది. బామ్మర్ది టీవీకి దగ్గరగా జరిగాడు.

"బాపూ, ఆడు ఇంతసేపు గీ ఒక్క బాల్ కోసమే గట్ల ఏసిండా?"

"మరి నేనింతకాలం ఏం చెప్తున్నరా?" అన్నాడు మామ.

ఆ రోజునుంచి ముగ్గురం కలిసే చూశాం. వాన పడి ఆట ఆగితే కప్పిన పిచ్‌ను కూడా చూస్తూ కూర్చున్నాం. అలాంటి ఒక విరామంలో బామ్మర్ది నెమ్మదిగా అన్నాడు.

"ఆట మంచిగనే ఉన్నది బాపూ, కాదంటలేను. గని మనసొంటోళ్లు గిది చూడాల్నంటే సాంచాలు బందు కావాలె."

మామ అన్నాడు, "నేను గూడ ఎన్నడు పూర్తిగ చూడలేరా. ఊర్ల మంగలాయన దుక్నంల రేడియో ఇనేటోన్ని. ఈడికొచ్చినంక పొద్దున పేపర్ల స్కోరు చూసుడే."

జీవితమంతా టెస్టు ఆట కోసం మాతో కొట్లాడిన మనిషి ఒక్క టెస్టు కూడా మొదటినుంచి చివరిదాకా చూడలేదు. చూడని ఆటను అంత ప్రేమించగలడని నాకప్పటిదాకా తెలియదు.

ఐదో రోజు ఆట తేలే స్థితికి వచ్చింది. గెలవడానికి కావలసిన పరుగులు మరీ ఎక్కువేమీ కావు, కానీ మొదట్లోనే వికెట్లు పడ్డాయి. మామ చాయ్ కూడా ముట్టలేదు. అప్పుడు ఫోన్ మోగింది. వాళ్ల సేఠ్. మర్నాడు కారఖానా తెరుస్తున్నారట. సాంచాలకు నూనె పెట్టి, దుమ్ము దులిపి సిద్ధం చేయాలి, వెంటనే రమ్మన్నాడు. పిలుపు మామకే. సాంచాలు సరిచేసే పని ఆయనదే.

"వస్తున్న సేఠ్" అని మామ చొక్కా అందుకున్నాడు. చొక్కా తొడుక్కుంటూ కూడా టీవీనే చూస్తున్నాడు.

బామ్మర్ది లేచి ఆయన చేతిలోంచి కారఖానా తాళంచెవి తీసుకున్నాడు. "నువ్వు కూసో బాపూ. నేను పోత."

"నీకు నాలుగో లైను సాంచ తిప్పలు తెలువయి."

"నువ్వే నేర్పితివి గద. ఇయ్యాల జర కూసో."

ఆట మీద ఇష్టం లేక వెళ్లినవాడు కాదు. మాస్క్ కట్టుకుని, గడపలో నిలబడి ఇంకో రెండు బంతులు చూసి మరీ వెళ్లాడు.

మామ చివరి బంతిదాకా చూశాడు. వికెట్లు పడ్డా ఒక కుర్రాడు నిలబడి గెలుపు అంచుదాకా తెచ్చి ఔటయ్యాడు. మిగిలినవాళ్లు పూర్తిచేశారు. గెలిచినవాళ్లు ఎవరికీ చేయి ఊపలేదు, ఊపడానికి జనం లేరు. మామ రెండు చేతులూ జోడించి కాసేపు అలాగే కూర్చున్నాడు. ఎవరికి దండం పెట్టాడో నేను అడగలేదు.

అప్పటికే నా ఫోన్‌లో బామ్మర్ది మెసేజ్ వచ్చి ఉంది, "గెల్చిన్రు బావా! బాపు ఖుష్ ఉన్నడా?" అని.

రాత్రి బాగా పొద్దుపోయాక వాడు మోచేతులదాకా నల్లటి నూనెతో తిరిగొచ్చాడు. మామ అన్నం ముందు కూర్చున్నా తినలేదు. కొడుకు వైపు తిరిగి, ఎడమచేతిని బంతి పట్టినట్టు పట్టుకుని ఆ పూట ఆటంతా చెప్పడం మొదలుపెట్టాడు. బామ్మర్ది ఫలితం తెలిసిన సంగతి బయటపెట్టలేదు. నా వైపు ఒక్కసారి చూసి, మళ్లీ తండ్రి వైపు తిరిగాడు.

"అగో! మరి ఎన్క ఏమైంది బాపూ?" అన్నాడు.