కాలరు లోపలి ఎర్రదారం

నా చిన్నప్పుడు మేం ఫిల్మ్‌నగర్‌లో ఒక కాస్ట్యూమ్స్ షాపు పైన అద్దెకుండేవాళ్లం. సినిమాలకు బట్టలు కుట్టి కిరాయికిచ్చే షాపు అది. ఒక నెలంతా అక్కడ హ్యాంగర్లకు పోలీసులు వేలాడేవారు, ఇంకో నెల పురాణాల రాజులు. నాకు తొమ్మిదేళ్లప్పుడు నావికులు వచ్చారు. రెండో ప్రపంచ యుద్ధం మీద సినిమా, యాభై జతల తెల్లబట్టలు.

మేం అప్పుడే కాకినాడ నుంచి వచ్చాం. ఇక్కడ ఊరంతా కంప్యూటర్ల వెంట పడ్డ రోజులవి. నాన్న కొత్త అద్దాల మేడలో ప్రోగ్రాములు రాసేవాడు, అమ్మ అమీర్‌పేటలో కోర్సులు చెప్పేది. చీకటి పడితే గాని ఇద్దరూ ఇల్లు చేరేవారు కాదు. అందాకా నేను షాపులో కూర్చోవాలని ఏర్పాటు. బడిలో నా యాస విని నవ్వారని మాట్లాడటమే మానేశాను. టీచరుకు నేను ‘న్యూ అడ్మిషన్’ని, షాపులో ‘పైనింటి పాప’ని. పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఒక్కరూ నన్ను పేరు పెట్టి పిలవని రోజులు ఎన్నో. ఇప్పుడు చెప్తే చిన్న సంగతే, అప్పుడు మాత్రం కాదు.

షాపులో పెద్దవాడు టైలర్ తాత. మద్రాసు స్టూడియోల నుంచి మిషనుతో సహా ఇక్కడికి వచ్చేశాడు. అంతకుముందు, మీసాలు రాని వయసులో, ఆ యుద్ధంలోనే నిజం నావికుడు. అందుకే ప్యాంట్లకు నిలువు మడత కాకుండా అడ్డమడతలు పెట్టి ఇస్త్రీ చేసేవాడు. ఓడలో చోటుండదు కదా, ప్యాంటు తిరగేసి విసనకర్రలా మడిచి సంచిలో పెట్టుకునేవారట. గుండీలు కుట్టే రహమత్‌నగర్ అక్క తల పట్టుకునేది. “ఏంది తాతా, గిట్ల ఇస్త్రీ జేస్తే డైరెక్టర్ సారు మనల్ని బయటికి గెదుముతడు!” తాత వింటేగా.

షూటింగ్‌కు ముందు రోజు నేను బడి నుంచి వచ్చి, సంచి పారేసి, ఆ తెల్లచొక్కాల వరస వెనక దూరాను. నేను కనబడకపోతే ఎవరైనా వెతుకుతారో లేదో చూద్దామని. వెతక్కపోతే ఇక ఈ ఊళ్లో నేను ఎవరికీ అక్కర్లేదన్నమాటే. చొక్కాలకు గంజి వాసన. బయట గొడవ జరుగుతోంది. టోపీ రిబ్బన్ల మీద జరీతో కుట్టిన ఓడ పేరును తాత బ్లేడుతో ఊడదీసేస్తున్నాడట. ప్రొడక్షన్ మేనేజరు కేకలు వేస్తున్నాడు. యుద్ధంలో రిబ్బను మీద ఓడ పేరు పెట్టుకోరండీ, అని తాత ఒకే మాట పదిసార్లు చెప్పాడు. నీ ఇష్టం, రేపు డైరెక్టరు తిడితే నువ్వే పడు, అనేసి ఆయన వెళ్లిపోయాడు.

తర్వాత టీ వచ్చింది, గ్లాసులు వెళ్లిపోయాయి. నన్ను ఎవరూ వెతకలేదు. మోకాళ్లలో తల పెట్టుకుని ఏడుస్తుంటే చొక్కాలు రెండు పక్కలకు జరిగాయి. నా బడిసంచి చేతిలో పట్టుకుని టైలర్ తాత నిలబడి ఉన్నాడు.

ఎందుకని అడగలేదు. నా పక్కనే చతికిలబడి, ఒక టోపీ నా ఒళ్లో పెట్టి చెప్పాడు. రేవులో తిరిగే కుర్రాళ్ల టోపీలు చూసి ఏ ఓడ వచ్చిందో శత్రువు పసిగడతాడని ఆ పేరు తీసేయించేవారట. ఆ పేరులేని టోపీతో మొదటిసారి బొంబాయి వీధుల్లో నడిచినప్పుడు తను ఎవరికీ చెందనివాడిలా అనిపించిందట. ఆ దిగులు చూసి, ఓడలో పక్క ఉయ్యాలపడకలో పడుకునే విశాఖపట్నం కుర్రాడు తాత చొక్కా అడిగి తీసుకుని, కాలరు లోపల ఎర్రదారంతో తెలుగులో తాత పేరు కుట్టి ఇచ్చాడట. తర్వాత ఆ కుర్రాడు వేరే ఓడకు మారాడు. ఆ ఓడ తిరిగి రాలేదు.

“వాడి చొక్కా మీద నేను కుట్టనే లేదమ్మా,” అన్నాడు తాత.

లేచి చొక్కాల కాలర్లు ఒక్కొక్కటే తిరగేసి చూపించాడు. ప్రతిదాని లోపలా ఎర్రటి పేరు. రేపు వాటిని తొడుక్కోబోయే జూనియర్ ఆర్టిస్టుల పేర్లవి. ఏ కెమెరాకూ కనబడవు. చివరికి నా వైపు తిరిగి, కాస్త సిగ్గుపడుతూ అన్నాడు. “మూడు నెలల నుంచీ పాపా పాపా అంటున్నాను. తప్పు నాదే. నీ పేరేంటమ్మా?”

చెప్పాను. ఆ ఊరికి వచ్చాక నా పేరు నేనే గట్టిగా పలకడం అదే మొదలేమో. నా యూనిఫాం చొక్కా కాలరులో ఎర్రదారంతో కుట్టి ఇచ్చాడు. మర్నాడు బడిలో వేలితో దాన్ని తడుముకుంటూ కూర్చున్నాను. అటెండెన్సులో నా నంబరుకు ‘ప్రెజెంట్’ అని గట్టిగానే అన్నాను.

ఏడాది తిరక్కుండా ఇల్లు మారాం. పెద్దయ్యాక ఒకసారి వెతుక్కుంటూ వెళ్తే షాపున్న చోట కాఫీ హోటలు ఉంది. పక్కనున్న ఇస్త్రీ బండి ఆయన్ని అడిగాను. ఏ టైలరమ్మా, పేరేంది, అన్నాడు. తాత నా పేరు అడిగాడు, కుట్టాడు. నేను ఒక్కసారైనా ఆయన పేరు అడగలేదు.

అందుకే ఇప్పుడు ఇంటికి ఎవరొచ్చినా, గ్యాస్ బండ తెచ్చినాయనైనా సరే, ముందు పేరడుగుతాను. నాకిదేం పిచ్చో అని మా అమ్మాయి విసుక్కుంటుంది. ఆ చొక్కా మాత్రం బీరువాలో అలాగే ఉంది. కాలరు తిరగేస్తే నా పేరు ఉంటుంది. దాన్ని కుట్టిన మనిషి పేరు నాకు తెలియదు.