నల్ల పరదా ముందు నా పాము చెవులు

నావి పాము చెవులని, అమెరికాలో మేముండే ప్లేనో ఊరంతా చాటుకున్న తెలివితక్కువవాణ్ణి నేనే. ఆ మాట నమ్మి మా తెలుగు బడి కమిటీ, హాలుకి కొత్త స్పీకర్లు ఎంచే పని నాకు అప్పగించింది.

మిత్రుడు మురళితో కలిసి స్పీకర్లు తయారుచేసే ఫ్యాక్టరీకి వెళ్ళాను. అంతా తిప్పి చూపించాక, ఇంజనీర్ లిండా మమ్మల్ని నల్ల పరదా ముందు కూర్చోబెట్టి, ఒకే పాట రెండుసార్లు వినిపించింది. ఏ స్పీకర్ బాగుందని అడిగింది.

"రెండోదే! వయొలిన్ ఎంత నిండుగా ఉందో!" అన్నాను, కళ్ళు మూసుకుని మరీ.

లిండా పరదా లాగింది. అక్కడున్నది ఒక్కటే స్పీకర్! రెండోసారి సౌండ్ కాస్త పెంచిందట, అంతే. నా చెవులు ఎర్రబడ్డాయి. ఆ పనైనా సరిగ్గా చేశాయి.

"గురూ, నీవి పెళ్ళిపందిరి మైక్‌సెట్ చెవులు! సెలెక్షన్ నాకు వదిలెయ్, నేను హ్యాండిల్ చేస్తా," అన్నాడు మురళి.

వదల్లేదు. రెండు వేర్వేరు స్పీకర్లను సమానమైన సౌండ్‌తో వినిపించమని లిండాను బతిమాలాను. మొదట అన్నీ తప్పులే. తేడా పట్టుబడేదాకా, గంటన్నరసేపు కుర్చీలోంచి లేవలేదు.

ఆ ఆదివారం బడి హాల్లో, కమిటీ ఎదుట, ఫ్యాక్టరీ నుంచి తెచ్చిన శాంపిల్ స్పీకర్‌నీ, మా పాత స్పీకర్‌నీ మురళి రాకముందే దుప్పటి వెనక పెట్టాను. సౌండ్ సమానంగా ఉంచి, రెండింట్లోనూ ఒకే పాట వినిపించి, ఏది మంచిదో చెప్పమని మురళిని అడిగాను.

"నా దగ్గరా నీ ట్రిక్కులు? రెండుసార్లూ మోగింది ఒకటే స్పీకర్‌రా!" అన్నాడు ధీమాగా.

"బాగా ఆలోచించుకున్నావా?"

"లాక్ చేసెయ్!"

అప్పుడు లేచి వెళ్ళి, ఆ దుప్పటిని మెల్లగా, చాలా మెల్లగా తీశాను.