సంపూర్ణమ్మ కడిగిన చేతులు

ఆదివారం తెల్లారేసరికి సంపూర్ణమ్మ అరుగు మీద జనం పట్టేవారు కాదు. కొత్తపేట నుంచీ, మండపేట నుంచీ వచ్చేవారు. యానాంలో చవగ్గా దొరుకుతోందని తాగి తాగి కళ్ళు పచ్చబడ్డ మగమహారాజులు కూడా పరగడుపునే వచ్చి బుద్ధిగా కూర్చునేవారు. ఆవిడ కామెర్లకు పసరు ఇచ్చేది. అత్తగారు నేర్పిన విద్య, పైసా పుచ్చుకునేది కాదు. ఆకు పేరు చెప్పేది కాదు గానీ పత్యం మాత్రం గట్టిగా చెప్పేది. ఉప్పు లేదు, నూనె లేదు, చేప వాసన కూడా తగలకూడదు.

నిజానికి ఆవిడకి పేరు తెచ్చింది పసరు కాదు, చేతులు కడగడం. రోగి అరచేతులకు పసరు పట్టించి, ఇత్తడి పళ్ళెంలో సున్నపు తేట పోసి కడిగేది. నీళ్ళు పసుపు పచ్చగా మారేవి. "అదిగో, దిగుతోంది చూడండి" అనేది. చూసినవాళ్ళకి సగం జబ్బు అక్కడే పోయేది. మిగతా సగం చాలామందికి దానంతటదే తగ్గేది, పేరు మాత్రం సంపూర్ణమ్మకి దక్కేది.

అత్తగారు చనిపోయిన ఏడాది, ఇంట్లో ఎవరూ లేనప్పుడు, సంపూర్ణమ్మ తన చేతులే అలా కడిగి చూసుకుంది. ఒంట్లో ఏ జబ్బూ లేదు. నీళ్ళు పచ్చగానే వచ్చాయి. పసరూ సున్నమూ కలిస్తే వచ్చే రంగు, అంతే. పళ్ళెం దొడ్లో గుమ్మరించేసింది. ఆ మాట తొమ్మిదేళ్ళపాటు కట్టుకున్న మొగుడికి కూడా చెప్పలేదు.

తొంభై ఎనిమిదిలో రామతులసి వచ్చింది. మొగుడు రావులపాలెం మార్కెట్లో అరటి గెలలు లారీలకు ఎత్తేవాడు. ఒళ్ళో నలభై రోజుల ఆడపిల్ల, కళ్ళు పచ్చగా ఉన్నాయి. పసిగుడ్డుకి పసరు పొయ్యకూడదు కాబట్టి, పాలిచ్చే తల్లికి పత్యం పెట్టి, పిల్ల చేతులు కడిగింది సంపూర్ణమ్మ. పచ్చటి నీళ్ళు చూసి రామతులసి పమిటతో కళ్ళొత్తుకుంది.

రెండో ఆదివారం పిల్ల గుడ్డలు పాడుచేసింది. దొడ్డికి తడిసిన సున్నంలా తెల్లగా ఉంది. ఇన్నేళ్ళలో ఏ పసిపిల్లకీ ఆవిడ అలా చూడలేదు. రాజమండ్రి తీసుకెళ్ళమ్మా అందామని నోరు తెరిచింది. అరుగు మీద పదిహేనుమంది ఆవిడ మొహమే చూస్తున్నారు.

"దిగుతోందిలేమ్మా. పత్యం తప్పకు" అంది.

ఇంకో ఆరు వారాలు అలాగే కడిగింది. పిల్ల పొట్ట ఉబ్బింది. అప్పుడు పెద్దాసుపత్రికి బయల్దేరుతూ, "మీరు పక్కనుంటే ధైర్యమండి" అని రామతులసి ఆవిణ్ణి కూడా రమ్మంది. కాదనడానికి సంపూర్ణమ్మకి మొహం చెల్లలేదు.

డాక్టరు ఉదయభాస్కర్ గారు కుర్రాడే, ఓపిగ్గా చెప్పాడు. "కాలేయంలో నక్షత్రం ఆకారంలో కొన్ని కణాలుంటాయమ్మా. బిడ్డ కడుపులో ఉన్నప్పుడు కాలేయం పెరగడానికి సాయపడతాయి. తర్వాత ఎ విటమిన్ దాచుకుని ఓ మూల ఉంటాయి. కాలేయానికి దెబ్బ తగిలితే అవే లేచి, గాయం మానడానికి నార అల్లుతాయి. ఈ పాపకి కాలేయంలోంచి పైత్యరసం బయటికెళ్ళే దారి మూసుకుపోయింది, అందుకే దొడ్డికి తెల్లగా వస్తోంది. దెబ్బ రోజూ తగులుతూనే ఉంది, అవి అల్లుతూనే ఉన్నాయి. కాలేయమంతా కొబ్బరి పీచులా తయారైంది. అరవై రోజుల్లోపు తెస్తే ఆపరేషన్‌కి అవకాశం బాగుండేది. ఇన్నాళ్ళూ ఏం చేశారు?"

"ఏదో మందు వాడామండి" అంది రామతులసి తల దించుకుని. పక్కనున్న సంపూర్ణమ్మ వైపు చూడనైనా లేదు. తన పరువు రామతులసి కాపాడుతోందని తెలిసి సంపూర్ణమ్మ సిగ్గుతో చచ్చిపోయింది. చచ్చిపోయింది గానీ నోరు మాత్రం విప్పలేదు.

ఎనిమిదో నెలలో పాప పోయింది.

సంపూర్ణమ్మ నెల్లాళ్ళు నడుం నొప్పని తలుపేసుకుంది. జనం ఊరుకుంటారా, బతిమాలి మళ్ళీ అరుగెక్కారు. ఆవిడా మళ్ళీ పళ్ళెం తీసింది. అలాంటి ఒక ఆదివారం రామతులసి డజను చక్కెరకేళి అరటిపళ్ళు పట్టుకుని వచ్చి, ఆవిడ కాళ్ళ దగ్గర కూర్చుంది.

"మీ హస్తవాసిని నేనే పాడుచేశానండి పిన్నిగారూ" అంది మెల్లగా. "ఓ రోజు ఉండబట్టలేక చేపల పులుసు తిన్నానండి. ఒక్క ముక్కేనండి. మీకు చెప్పలేదు. నా నాలికే నా పిల్లని తినేసిందండి."

పోన్లేమ్మా అంటే సరిపోయేది. అరుగంతా అయ్యో పాపం అనేది, ఆవిడ పేరు ఆవిడకుండేది. సంపూర్ణమ్మ ఆ మాట నాలిక చివరిదాకా తెచ్చుకుంది కూడా. అంత నీచానికి దిగజారిన తనని చూసుకుని తనకే అసహ్యమేసింది.

పళ్ళెం ముందుకి లాక్కుంది. పసరు తన అరచేతులకే పట్టించి, సున్నపు తేటలో అందరి ఎదటా కడుక్కుంది. నీళ్ళు పచ్చగా మారాయి.

"నాకు కామెర్లు లేవమ్మా" అంది. "ఎవరి చేతులు కడిగినా ఇంతే. నాకు ముందే తెలుసు. నువ్వు తిన్న ముక్కకీ పాపకీ ఏం సంబంధం లేదు. తెల్లటి దొడ్డికి నేను రెండో వారమే చూశాను. చూసి ఊరుకున్నాను."

రామతులసి ఆ నీళ్ళకేసి చాలాసేపు చూసింది.

"రెండో వారానికి పాపకి ఎన్ని రోజులండి?" అంది.

"నలభై ఏడు" అంది సంపూర్ణమ్మ. ఆ లెక్క ఆవిడ ఆసుపత్రిలోనే వేసుకుంది.