పెద్దాయనకి బ్రేకు ఎడమవైపు

ఆ రోజుల్లో నాకు కొత్తదంతా మంచిదనీ, పాతదంతా మూలన పడెయ్యాల్సిందేననీ గట్టి నమ్మకం ఉండేది. (వయసు అలాంటిది. ఇప్పుడు నేనే కొంచెం పాతబడ్డాను కాబట్టి ఆ నమ్మకాన్ని సవరించుకున్నాను.) బరంపురంలో ఒక ప్రైవేటు ఆఫీసులో తొలి ఉద్యోగం, హల్దియాపదర్‌లో అద్దెగది, గది ముందు తళతళలాడే కొత్త మోటారుసైకిలు. దానికి ముల్లు తిరిగే మీటర్ల బదులు సెల్‌ఫోనంత తెర ఉండేది. పెట్రోలు ఎంతుందో, ఏ గేరులో ఉన్నామో, ఎవరు ఫోను చేస్తున్నారో అన్నీ ఆ తెరే చెప్పేది. బొత్తాం నొక్కితే చప్పుడు చెయ్యకుండా లేచేది. స్టాండు తియ్యడం మరిచిపోయి గేరు వేస్తే, ముందు కాలికింద చూసుకోరా నాయనా అన్నట్టు ఠక్కున ఆగిపోయేది. ఇంత తెలివైన బండి దొరకడం నా అదృష్టమో దాని దురదృష్టమో నేనప్పుడు ఆలోచించలేదు. ఆఫీసులో టీ తాగేటప్పుడు కూడా దాని గురించే మాట్లాడేవాణ్ణి. నన్ను చూడగానే కొందరికి అర్జెంటు పనులు గుర్తొచ్చేవని తరవాత తెలిసింది.

మా సొంత ఊరు గోపాల్‌పూర్ పక్కన సముద్రం ఒడ్డు పల్లె. ఎప్పుడో ముత్తాతల కాలంలో వచ్చి స్థిరపడ్డ తెలుగువాళ్ళం. ఇంట్లో తెలుగు, బజార్లో ఒడియా, కోపం వస్తే రెండూ. అక్కడ మా చిన్నాన్న దగ్గర ఇంకో బండి ఉండేది. మూడువందల యాభై సీసీది, దూరప్రయాణాల బండి. వయసులో ఉన్నప్పుడు చిన్నాన్న దాని మీద పూరీ వెళ్ళాడు, అరకు వెళ్ళాడు, ఒకసారి అలిగి ఎక్కడికి వెళ్తున్నాడో తెలియకుండా కూడా వెళ్ళొచ్చాడు. మా ఇంట్లో ఎవరూ దాన్ని బండి అనరు, పెద్దాయన అంటారు. "పెద్దాయన లేచినాడేటి?" అని మా నానమ్మ పొద్దున్నే అడిగేది. లేపడం పెద్ద పూజే. కిక్కుని మెల్లగా తొక్కుతూ ఏదో ముల్లు మధ్యలోకి వచ్చేదాకా చూడాలి, చిన్న మీట నొక్కాలి, ఊపిరి బిగబట్టాలి, అప్పుడు తన్నాలి. ఒక్కోసారి ఆయన తిరిగి తన్నేవాడు. ఆగినచోటల్లా నేలమీద నల్లటి నూనె బొట్టు పెట్టేవాడు. అన్నిటికన్నా విచిత్రం, లోకంలో బళ్ళన్నిటికీ గేరు ఎడమకాలికీ బ్రేకు కుడికాలికీ ఉంటే, ఈయనకి గేరు కుడివైపు, బ్రేకు ఎడమవైపు. ఆ కాలంలో వాటిని అలాగే చేసేవారట. కానీ సీటు మాత్రం పెళ్ళిపీటంత ఉండేది. "నీ బండి ఎనక సీటు బొప్పాయి ముక్కలాగుందిరా. దానిమీద మనిసి కూకుంటాడా, పిట్ట వాలతాదా?" అని చిన్నాన్న నన్ను వెక్కిరించేవాడు.

ఇక్కడ మా మేనత్త గురించి చెప్పాలి. నాన్నకి చెల్లెలు, చిన్నాన్నకి అప్ప. (మా వైపు అక్కని అప్ప అంటాం.) ఆవిణ్ణి తప్తపాణి ఘాటీ అనే కొండదారి పైన ఒక సంత ఊళ్ళో ఇచ్చారు. అక్కడ ఇంటి ముందరే మా మావయ్యకి ఎండు చేపల కొట్టు. పెళ్ళికాకముందు అత్త బరంపురం కాలేజీలో చదివినన్నాళ్ళూ చిన్నాన్నే పెద్దాయన మీద తీసుకెళ్ళి తీసుకొచ్చేవాడు. అలాంటి అత్త మా అక్క పెళ్ళి రోజు నుంచి పుట్టింటి గడప తొక్కలేదు. ఆ రోజు చిన్నాన్న వెళ్ళి ఆవిణ్ణి తీసుకురావాలి. పెద్దాయన లేవలేదు. ఆవిడ బస్సెక్కింది, బస్సు ఘాటీలో చెడింది. ముహూర్తం మించిపోతుందని పురోహితుడు తొందరపెడితే, మేనత్త పెట్టాల్సిన నలుగు వేరొకావిడ పెట్టేసింది. అత్త వచ్చి చూసింది. "నా కోసరం ఒక్క గడియ ఆగనేని ఇంటికి నాను మరి రాను" అని వచ్చిన కాళ్ళ మీదే వెనక్కి వెళ్ళిపోయింది.

అయితే ఇంటి ఆచారం ఒకటి ఈ అలకకి లొంగలేదు. వేసవిలో వేట ఆపేసిన రోజులు గడిచి, పడవలు మళ్ళీ సముద్రంలో దిగినప్పుడు మా వలలో పడ్డ తొలి పెద్ద చేప ఆడపడుచుది. ఆవిడ నోట్లో పడేదాకా మా ఇంట్లో ఎవరూ ఆ ఏటి చేప ముట్టకూడదు. అంచేత ఏటా చిన్నాన్న పెద్దాయన మీద చేప పట్టుకుపోయి, అత్త పెట్టిన అన్నం తిని, "రాయే అప్పా" అని ఒకసారి అని, ఆవిడ "రాను" అంటే వచ్చేసేవాడు. బరంపురం నుంచి ఒక కుర్రాడు పెద్దాయన్ని కొంటానని తరచూ వచ్చేవాడు. చిన్నాన్న ఒకటే మాట. "నా మూలాన కదా అప్ప బస్సెక్కినాది. ఈ సీటు మీదే కూకోబెట్టి ఊరికి తెస్తాను. అందాక అమ్మను."

ఆ ఏడు తొలివేటలో చెయ్యంత పొడుగు వంజరం పడింది. నేను సెలవు పెట్టి ఊళ్ళోనే ఉన్నాను. "చేపని నా బండి మీద నేను తీసుకెళ్తాను" అన్నాను. పెద్దాయన మీద నమ్మకం పెట్టుకుంటే ఒకసారి నలుగు పోయిందనీ, ఇప్పుడు చేప కూడా పోతుందనీ అన్నాను. (ఈ మాట అన్నప్పుడు చిన్నాన్న ముఖం చూడకుండా ఉండాల్సింది, చూశాను.) నానమ్మ కాసేపు ఆలోచించి, "సేప సెడిపోతే నా కూతురికి ఏ మొహం ఎట్టుకుని ఫోన్ సేత్తాను. కొత్త బండి మీదే ఎల్లనీ" అంది. చిన్నాన్నకి రోషం వచ్చింది. "సరే, నానూ ఎల్తాను. ఆడు సేపతో నాకన్నా ముందు అప్ప గుమ్మంలో దిగితే, పెద్దాయన్ని ఆ బరంపురం కుర్రోడికి ఇచ్చీస్తాను" అన్నాడు. ఎవరూ అడగని పందెం అది.

నా బొప్పాయి ముక్క మీద వెదురుబుట్ట నిలవలేదు. వల తాడుతో పద్మవ్యూహంలాంటి కట్టు కట్టాను. వంజరం తోక మాత్రం బుట్టలోంచి బయటికి పొడుచుకొచ్చింది. ఐసులో రాళ్ళుప్పు కలిపితే చల్లదనం పెరుగుతుందని మా పల్లెలో పుట్టిన ప్రతివాడికీ తెలుసు. నేను మేనత్త మీద ప్రేమకొద్దీ ఇంకో నాలుగు గుప్పిళ్ళు ఎక్కువ వేశాను. బయల్దేరేసరికి చిన్నాన్న ఇంకా పెద్దాయన్ని బతిమాలుతున్నాడు. బరంపురం దాటాను, దిగపహండి దాటాను. దారిలో ఆగి చేపతో సెల్ఫీ తీసుకున్నాను. వెనక్కి చూస్తే రోడ్డు ఖాళీ. జాలిపడ్డాను కూడా.

ఘాటీ మొదట్లో, టీకొట్టుకి కొంచెం ఇవతల, నా బండి ఠక్కున ఆగింది. తెర మీద స్టాండు బొమ్మ ఎర్రగా వెలుగుతోంది. స్టాండు పైకే ఉంది. దించాను, ఎత్తాను. బొత్తాం నొక్కితే లేచింది, గేరు వేస్తే ఆగింది. బండి పక్కకి వంగి చూస్తే అప్పుడు అర్థమైంది. ఐసు కరిగిన ఉప్పునీళ్ళు దారిపొడుగునా బుట్టలోంచి కారి, సరిగ్గా ఎడమవైపు స్టాండు దగ్గర ఉండే ఆ తెలివైన మీట మీద పడ్డాయి. స్టాండు దిగే ఉందని బండి గట్టిగా నమ్మింది. లేదని చెప్పడానికి దానికి చెవుల్లేవు. సైకిలు మీద పోతున్న ఒకాయన ఆగి, "తేల్ సరిగలా కి?" అన్నాడు. పెట్రోలు అయిపోయిందా అని. కాదన్నాను. ఆయన వంజరం తోక వైపు చూసి జోరుగా తొక్కుకుంటూ వెళ్ళిపోయాడు. షోరూముకి ఫోను చేద్దామంటే సిగ్నలు లేదు. ఎండ ఎక్కుతోంది, ఐసు కరుగుతోంది, మా ఇంట్లో నానమ్మ చేప ముట్టకుండా కూర్చుని ఉంది.

చాలాసేపటికి దూరంగా దబ్ దబ్ మని చప్పుడు వినిపించింది. జీవితంలో మొదటిసారి ఆ చప్పుడు నాకు మంగళవాద్యంలా ఉంది. చిన్నాన్న పెద్దాయన్ని నా పక్కనే ఆపి, ఇంజను కూడా ఆపి, తీరిగ్గా దిగాడు. "ఏటైనాది బాబూ, తెర ఏటి సెప్తంది? ఎంత దూరం ఎల్లగలమంట?" అంటూ నా బండి చుట్టూ ప్రదక్షిణం చేశాడు. అలా మనసుతీరా వెక్కిరించాక కాలర్ సర్దుకుని కిక్కు తన్నాడు. పెద్దాయన లేవలేదు. రెండోసారీ లేవలేదు. ఆ పైసారి ఆయన తిరిగి తన్నాడు. చిన్నాన్న "అమ్మా" అని మడమ పట్టుకుని రోడ్డు పక్కన కూలబడ్డాడు.

ఇప్పుడు రెండు బళ్ళున్నాయి, ఒకటీ నడవదు. ఇద్దరు మగాళ్ళున్నారు, ఒకడు కుంటి, ఒకడు తెలివితక్కువ. "నువ్వే తన్నాల. ముల్లు మద్దెకి తే. మీట నొక్కు. కోపం వద్దు, నీ కోపం దానికి తెలిసిపోతాది" అని చిన్నాన్న కూర్చున్నచోటునుంచే మంత్రాలు చెప్పాడు. నాకు కోపానికే కాదు, దేనికీ ఓపిక లేదు. అందుకేనేమో పెద్దాయన లేచాడు. నా బండిని టీకొట్టు వెనక నీడలో పెట్టి, చిన్నాన్నని వెనక కూర్చోబెట్టి, ఆయన ఒళ్ళో బుట్ట పెట్టి ఘాటీ ఎక్కాం. వంజరం తోక దారంతా నా చెవి మీద తడుతూనే ఉంది. ఒక్క మాట ఒప్పుకోవాలి, ఆ ఎత్తుని పెద్దాయన ఏమీ పట్టించుకోలేదు. తొందర లేకుండా, ఒకే ఊపుతో ఎక్కాడు. ఇంతసేపూ బ్రేకు అవసరం పడలేదు కాబట్టి నేను కూడా బాగానే నడుపుతున్నానని అనుకున్నాను.

అత్త ఇంటి ముందు వాకిట్లో టార్పాలిను పరిచి వేలెడేసి నెత్తళ్ళ చేపలు ఆరబోశారు. వాకిలి రాగానే అలవాటుగా కుడికాలు గట్టిగా నొక్కాను. ఆగాల్సిన బండి ఇంకో గేరు వేసుకుని ముందుకు దూకింది. "ఎడమ, ఎడమకాలు" అని చిన్నాన్న అరుస్తున్నాడు. నేను కుడికాలు ఇంకా గట్టిగా నొక్కాను. టార్పాలిను, నెత్తళ్ళు, మేము, వంజరం, అందరం కలిసి కొట్టు మెట్ల దగ్గర ఒక కుప్పగా ఆగాం. పెద్దాయన తనంతట తనే నిద్రపోయాడు. అత్త లోపల్నించి వచ్చింది. జుట్టునిండా నెత్తళ్ళతో ఉన్న నన్నూ, చేపని పసిపిల్లలా పొదువుకుని కూర్చున్న తమ్ముణ్ణీ చూసింది.

"ఓలమ్మ, సేపని తెమ్మంటే సేపల మీదికే తెచ్చినావేట్రా" అంది. తరవాత నవ్వడం మొదలుపెట్టింది. మెట్టు మీద కూర్చుని, కొంగుతో కళ్ళు తుడుచుకుంటూ నవ్వింది. మా అత్త నవ్వు విని ఎన్నేళ్ళయిందో నాకప్పుడే తెలిసొచ్చింది. నాకూ కళ్ళు చెమర్చాయి. (ఎండు చేపల ఘాటు అని అప్పుడు చెప్పుకున్నాను.)

చేప చెడలేదు. కూరయింది, అత్త తొలిముద్ద తింది, నానమ్మకి కబురు వెళ్ళింది. ఇంక తిరుగుప్రయాణం సమస్య. చిన్నాన్న మడమ నేలమీద ఆన్చలేనన్నాడు. మావయ్య తన సరుకుల ఆటోలో దింపుతానన్నాడు, టీకొట్టు దగ్గర నా బండిని కూడా ఎక్కిస్తానన్నాడు. పెద్దాయన్ని మాత్రం నేను నడిపి తేవాలి. అత్త వాకిట్లో టైరు గుర్తుల వైపు చూసింది, ఘాటీ వైపు చూసింది.

"ఈ గుంటడు ఏ కాలు నొక్కాలో తెలక లోయలో పడిపోతాడు" అంది. లోపలికెళ్ళి చీర మార్చుకుని వచ్చింది. "నాను ఇంటికని రావట్లేదు. ఈడిని దింపడానికి వస్తన్నాను. నాకా సీటు అలవాటే." చిన్నాన్న తల దించుకుని మడమ నొక్కుకుంటున్నాడు.

అలా దిగాం. అత్త ఒక పక్కకి కూర్చుని, మలుపు వచ్చినప్పుడల్లా నా ఎడమ భుజం మీద ఒక్కటి వేసేది. అంటే ఎడమకాలు, బ్రేకు అని. "కాలేజీకి ఎల్లినప్పుడు మీ సిన్నాన్నకీ ఇలాగే కొట్టీదాన్ని. ఆడికీ కుడీ ఎడమా తెలీదు" అంది ఒక మలుపులో. వెనక ఆటోలో ఎండు చేపల బుట్టల మధ్య నా కొత్త బండి పడుకుని ఉంది, దాన్ని పట్టుకుని చిన్నాన్న కూర్చున్నాడు. అద్దంలో చూస్తే ఆయన చూపంతా అత్త కూర్చున్న సీటు మీదే ఉంది.

పల్లెకి చేరేసరికి నానమ్మ గుమ్మంలోనే నిలబడి ఉంది. అత్త దిగబోతోంది. అప్పుడు మా చిన్నాన్న ఆటోలోంచి ఒక్క దూకు దూకి, పరుగున వచ్చి, "జాగర్తే అప్పా, సైలెన్సరు కాలిపోతాది" అని చెయ్యి పట్టుకుని దింపాడు. నేనూ నానమ్మా ఆయన మడమ వైపు చూశాం. ఆయన కూడా చూసుకున్నాడు. ఆ వెంటనే కొంచెం కుంటుతూ నడిచాడు. నానమ్మ కూతురి వైపు తిరిగి, "కూరలో పులుపు సరిపోయిందేటే?" అంది. "నీ సేతిలాగ రాలేదు" అంది అత్త, గడప దాటుతూ.

పందెం సంగతి మళ్ళీ ఎవరూ ఎత్తలేదు. బరంపురం కుర్రాడు వస్తే "పెద్దాయన కాళీ లేడు" అని పంపేశాం. నా బండిని మెకానిక్ మంచినీళ్ళతో కడిగి, సముద్రంలో తోలావా అని ఒడియాలో అడిగాడు. కొన్నేళ్ళకి దాని తెర చీకటైపోయింది, ఆ మోడలు సామాను ఇప్పుడు రావట్లేదన్నారు. ఆఫీసుకి ఇంకో కొత్త బండి కొన్నాను. పాత దూరప్రయాణాల బళ్ళు ఇప్పటివాటి ముందు నిలబడతాయా అని కుర్రాళ్ళు టీకొట్టు దగ్గర నన్ను అడుగుతుంటారు. బ్రేకులో నిలబడవు, దీపంలో నిలబడవు, మైలేజీ మాట ఎత్తకండి అని నిజమే చెబుతాను. అయితే ఘాటీ ఎక్కిదిగడానికి ఇప్పటికీ ఏమీ ఢోకా లేదని కూడా చెబుతాను.

చిన్నాన్న మోకాళ్ళు ఇప్పుడు కిక్కు తన్నలేవు. (ఈసారి నిజంగానే.) ఏటా తొలి చేప నేనే పట్టుకెళ్తాను, అత్తని ఎక్కించుకుని వస్తాను. నాలుగు రోజులుండి వెళ్తుంది. ఇన్నేళ్ళలో నాకు పెద్దాయన బ్రేకు ఎటువైపో బాగా అలవాటైంది, పొరపాటు రాదు. అయినా ఘాటీలో రెండు మూడు మలుపుల దగ్గర, కావాలనే, కుడికాలు కొంచెం కదుపుతాను. ఎడమ భుజం మీద ఒక్కటి పడుతుంది. "ఇంకా నేర్సుకోనేదేట్రా నువ్వు" అంటుంది అత్త వెనకనించి. లేదత్తా అంటాను.